తీర్థం పందిరా, కళాకేంద్రమా? పద్యం పాడే నటుడికి తేడా ఎక్కడ

సంక్రాంతి రోజుల్లో కోనసీమ తీర్థాల్లో, అంటే జాతరల్లో, పందిరి కింద పద్యనాటకంలోని కృష్ణరాయబారం సీను ఆడటం వేరు, రాజమహేంద్రవరం ఆనం కళాకేంద్రం హాల్లో అదే సీను ఆడటం వేరు.

పందిట్లో అసలు శత్రువు మంచు. అర్ధరాత్రి దాటాక గొంతు బిగుస్తుంది. హార్మోనియం మీద ఆరు శ్రుతికి అలవాటైనవారు ఒక మెట్టు తగ్గి అయిదుకు దిగడం మంచిది. పంతానికి పోతే మూడో పద్యానికే పై షడ్జం (పై స్థాయి ‘స’) దగ్గర గొంతు చీలిపోతుంది. మైకులు వేలాడేవే. పాడుతూ తల పక్కకు తిప్పారా, చివరి పాదం జనానికి అందదు, వన్స్‌మోరూ రాదు. అందుకే నడక పద్యానికి ముందే ముగించి, మైకుకు మూరెడు దూరంలో నిలబడాలి. రాగం సాగదీసినా చెల్లుతుంది, జనం కోరేదే అది.

హాల్లో ఆ సాగతీత కుదరదు, పోటీ నాటకానికి గడియారం ఉంటుంది. గోడలు ధ్వనిని తిప్పికొడతాయి కనుక ఒత్తులు తేల్చి పలకాలి. సమాసం మధ్యలో ఊపిరి తీస్తే అర్థమే చెదిరిపోతుంది. ముందు వరుసకు కనుబొమ్మ కదలికా తెలుస్తుంది. పందిట్లో పనికొచ్చిన ముదురు మేకప్ రంగు ఇక్కడ ముసుగులా కనిపిస్తుంది.

కొత్తవారు ముందు పందిట్లోనే ఆడాలంటాను. గొంతు నిలబడ్డాక అభినయం తగ్గించుకోవడం త్వరగానే పట్టుబడుతుంది. హాల్లో మాత్రమే నేర్చినవారు తీర్థంలో మొదటి రాత్రికే బొంగురుపోతారు.