మిర్యాలగూడలో చెక్కు బౌన్స్ నోటీసు సర్వీసు: తారీఖులు భేష్, ఏ1 (మొదటి నిందితుడు) ఏడీ?

కోర్టు దగ్గరి టైపింగ్, జిరాక్స్ షాపొకటి వకీలు సంతకంతో చెక్కు బౌన్స్ నోటీసులు పంపుతోంది. ఫీజు 1,500. వడ్ల బాకీ కింద మిల్లులు ఇచ్చిన చెక్కులే ఎక్కువ వస్తాయి. పొద్దున కాగితాలిస్తే సాయంత్రానికల్లా పోస్టులో పడుతుంది.

తారీఖుల లెక్కలో వంక పెట్టలేం. చెక్కు తిరిగొచ్చిందని బ్యాంకు ఇచ్చే మెమో జూన్ 3న అందితే నోటీసు జూలై 3 లోపు పోవాలని కవరు మీదే పెన్సిలుతో రాసిస్తారు. అవతలివాళ్లకు అది జూన్ 28న ముట్టిందనుకోండి, డబ్బు కట్టడానికి జూలై 13 దాకా 15 రోజుల గడువు. ఆ తర్వాత నెలలోపు కేసు వేయాలి. 13 దాటకముందే వేస్తే చెల్లదు.

దెబ్బ తినేది అడ్రసు దగ్గర. వాళ్ల నమూనాలో ఒక్కటే పేరు, సంతకం పెట్టిన డైరెక్టరుది. కానీ ఆ సంతకం పైన 'ఫర్ ఫలానా ఆగ్రో ప్రైవేట్ లిమిటెడ్' అని ముద్ర ఉంటుంది. ఖాతా కంపెనీది, నేరమూ ముందు కంపెనీదే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 141 సెక్షన్ కింద డైరెక్టరు దాని వెనకే వస్తాడు. కంపెనీని ఏ1గా చేర్చకుండా డైరెక్టరు మీద కేసు నడవదని 2012లో అనీతా హడా కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. నోటీసు కంపెనీకి పోకపోతే, గడువు దాటాక చేర్చడమూ కుదరదని 2019లో చెప్పింది.

'కంపెనీని జైల్లో పెడతారా ఏంది?' అంటారు షాపులో. పెట్టరు. చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా వేస్తారు. రెండేళ్ల దాకా జైలు మనుషులకు.

పార్ట్‌నర్‌షిప్ మిల్లుకూ ఫర్ము ముందు, పార్ట్‌నర్లు తర్వాత రాయడమే మేలు; అయితే ఫర్మును చేర్చనంత మాత్రాన పార్ట్‌నర్ల మీద కేసు పోదని 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక్కరి సొంత మిల్లయితే యజమాని పేరు చాలు. షాపువాళ్లు మాత్రం మూడింటికీ ఒకే కాగితం కొడుతున్నారు.

సంతకం పెట్టని డైరెక్టర్లను కూడా లాగాలంటే, ఆనాటికి కంపెనీ వ్యవహారాలు చూస్తున్నది వాళ్లేనని కంప్లయింటులో స్పష్టంగా రాయాలి. డైరెక్టర్ల పేర్లు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైటులో దొరుకుతాయి.

ఇంకో లోపం, పైకం. చెక్కు 4,60,000 అయితే వడ్డీ, హమాలీ కలిపేసి 5,02,000 అని ఒకే అంకె కొడుతున్నారు. చెక్కు మొత్తం విడిగా కనపడకపోతే నోటీసే ఎగిరిపోవచ్చు.

అయినా ఈ షాపుకే పోతామంటే, చెక్కు జిరాక్సు మీద కంపెనీ ముద్ర చుట్టూ ఎర్ర ఇంకుతో గీసివ్వండి. ఒక కవరు రిజిస్టర్డ్ ఆఫీసుకు, ఇంకోటి సంతకం పెట్టినాయనకు. రెండో కవరుకు 300 ఎక్కువ అడుగుతారు. ఇచ్చేసి, రెండు పోస్టు రసీదులూ చేతికొచ్చాకే మెట్లు దిగండి.