కొల్లూరు టౌన్‌షిప్పా, బస్తీలోనే కట్టిచ్చే ఇల్లా: ఏది మేలు?

హైదరాబాద్‌లో పేదలకి ప్రభుత్వం కట్టించిన డబుల్ బెడ్‌రూం ఇళ్ల గురించి వారానికి ఒక్కరైనా ఇదే అడుగుతున్నారు. కొందరేమో "లాటరీ డ్రాలో కొల్లూరులో వచ్చింది, పోదామా, వద్దా" అని, ఇంకొందరేమో "మా బస్తీ పడగొట్టి ఇక్కడే అపార్టుమెంట్లు కట్టిస్తామంటున్నారు, సంతకం పెట్టొచ్చా" అని. ఊరి బయట కట్టి రెడీగా ఉన్న ఇల్లు తీసుకోవాలా, ఉన్నచోటే ఎప్పటికో వచ్చే ఇంటి కోసం ఆగాలా అన్నదే ఇద్దరి టెన్షన్. డబుల్ బెడ్‌రూం పథకం గురించి మళ్ళీ మొదటి నుంచి చెప్పను, అందరికీ తెలిసిందే. ఎక్కడ కట్టినా దాదాపు 560 చదరపు అడుగులు, రెండు పడక గదులు, హాలు, వంటగది. కాబట్టి ఇల్లు చూసి తేల్చుకునేది పెద్దగా ఏమీ లేదు, చూడాల్సిందంతా గడప దాటాక ఉంటుంది.

ముందు ఊరికి పడమర శివార్లలో ఉన్న కొల్లూరు సంగతి. 2023 జూన్‌లో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ప్రారంభించారు. 145 ఎకరాల్లో 117 బ్లాకులు, మొత్తం 15,660 ఇళ్లు, ఖర్చు దాదాపు 1,490 కోట్లు. అంటే ఇంటికి తొమ్మిదిన్నర లక్షల దాకా పడింది. చూడ్డానికి బాగుంటుంది, అందులో అబద్ధం లేదు. వెడల్పాటి రోడ్లు, లిఫ్టులు, డ్రైనేజీ, మురుగునీటి శుద్ధి ప్లాంటు, దుకాణాల కోసం కాంప్లెక్సులు. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు నిజంగానే నోరెళ్ళబెట్టాను. మా బంధువుల్లో బ్యాంకు లోను కట్టుకుంటూ ఉంటున్నవాళ్ల అపార్టుమెంట్లకి కూడా అంత గాలీ వెలుతురూ లేవు.

ఇక ఉన్నచోటే కట్టిచ్చేవాటికి మొదటి ఉదాహరణ సికింద్రాబాద్ బోయిగూడ దగ్గర ఐడీహెచ్ కాలనీ. కూలడానికి సిద్ధంగా ఉన్న పాత ఇళ్ళు తీసేసి 396 ఇళ్ళు కట్టి 2015 నవంబరులో ఇచ్చారు. గ్రౌండు, పైన రెండంతస్తులు, అంతే. తర్వాత చంచల్‌గూడలో పిల్లిగుడిసెలు అనే బస్తీలో 288 కట్టారు. పాత బస్తీ జనం, పాత పనులు, పాత బడి, కొత్త గోడలు.

ఇక్కడ నా లెక్క ఏంటో చెప్పేస్తాను. ఇల్లు ఎంత బాగున్నా, ఆ ఇంట్లో ఆడవాళ్ళు పొద్దున పనికి నడిచి పోగలరా లేదా అన్నదే నాకు ముఖ్యం. మిగతావన్నీ దాని తర్వాతే.

మా ఇంట్లో పనిచేసే ఆవిడ సంగతి చెబితే అర్థమవుతుంది. ఆవిడది చంచల్‌గూడ పక్కన రేకుల ఇల్లు, కిరాయికి. నాలుగిళ్ళలో పని, ఒకదాని నుంచి ఇంకోదానికి పది నిమిషాల నడక. పొద్దున ఆరింటికి మొదలుపెడితే పదకొండుకల్లా ఇంటికెళ్ళి వండుకుని, సాయంత్రం మళ్ళీ రెండిళ్ళు. డ్రాలో కొల్లూరు తగిలింది. పోయింది కూడా, పాపం ఎంత సంబరంగా పోయిందో, గృహప్రవేశానికి మమ్మల్ని కూడా పిలిచింది. అక్కడి నుంచి ఇక్కడికి 30 కిలోమీటర్ల పైమాటే. లింగంపల్లి దాకా వచ్చి అక్కడ ఇంకోటి పట్టుకోవాలి. మహాలక్ష్మి పథకం వచ్చాక ఆడవాళ్ళకి బస్సు ఉచితం, కాబట్టి ఖర్చు లేదు కదా అంటారు కొందరు. టికెట్టు ఉచితమేగానీ పోను రెండు గంటలు, రాను రెండు గంటలు ఎవరిస్తారు? ఆరింటికి రావాల్సిన మనిషి తొమ్మిదికి వస్తే ఏ ఇంట్లోనూ ఉంచుకోరు. నాలుగిళ్ళలో మూడు పోయాయి. ఐదు నెలలు చూసి ఆ ఇంటికి తాళం వేసి, మళ్ళీ సైదాబాద్‌లో ఒక గది కిరాయికి తీసుకుంది. సొంతిల్లు ఉండీ కిరాయి కడుతోంది. అమ్ముకోవడానికి లేదు, కిరాయికి ఇవ్వడానికీ లేదు, తనిఖీకి వచ్చినప్పుడు మనిషి కనబడకపోతే ఇల్లు రద్దు చేస్తారేమోనని ఒకటే భయం, అందుకని ఆదివారాలు పోయి దీపం పెట్టి వస్తుంది.

ఇదే లెక్క అడ్డా కూలీలకీ, బండి మీద టిఫిన్ అమ్ముకునేవాళ్ళకీ వర్తిస్తుంది. రోజూ తెల్లారగానే అడ్డా మీద నిలబడితేనే పని. బండివాళ్ళకైతే అదే మూలన పదేళ్ళుగా నిలబడితేనే గిరాకీ. మూల మారితే మళ్ళీ మొదటి నుంచే.

అలాగని కొల్లూరు అందరికీ చెడ్డదని కాదు. తెల్లాపూర్, వెలిమల, కొల్లూరు చుట్టుపక్కల గేటెడ్ కమ్యూనిటీలు ఒకదాని తర్వాత ఒకటి లేస్తున్నాయి. ఇప్పటికే శేరిలింగంపల్లి, పటాన్‌చెరు వైపు పనిచేసుకునేవాళ్ళకి ఇది దగ్గరే. సొంత ఆటో, క్యాబు ఉన్న డ్రైవరుకి ఔటర్ రింగు రోడ్డు పక్కనే ఉంది. అలాంటివాళ్ళు కళ్ళకద్దుకుని తీసుకోండి, ఇంకో మాట లేదు. నేను చెప్పేది ఊరికి తూర్పున పని, పడమరన ఇల్లు వచ్చినవాళ్ళ గురించి.

ఇంకొకటి, లిఫ్టులు. రెండంతస్తుల ఐడీహెచ్‌లో ఆ గొడవే లేదు. తొమ్మిది, పదంతస్తుల బ్లాకులో లిఫ్టు ఆగితే ఎనిమిదో అంతస్తు ముసలమ్మ అక్కడే ఉండిపోవాలి. కాంప్లెక్సుల్లోని దుకాణాల కిరాయితో నిర్వహణ నడిపించాలన్నది ఆలోచన. దుకాణాలు నడవాలంటే జనం ఉండాలి, జనం ఉండాలంటే లిఫ్టులు నడవాలి. సగం ఇళ్ళకి తాళాలుంటే మిగతా సగం మీద పడే నెలవారీ ఖర్చు ఎంతో మీరే వేసుకోండి.

బస్తీ బాగుపడటం అనే ముచ్చట కూడా ఉంది. బన్సీలాల్‌పేట మెట్ల బావి గుర్తుందా? ఏళ్ళ తరబడి చెత్తతో నిండిపోయి ఉన్నదాన్ని తవ్వి శుభ్రం చేసి 2022 డిసెంబరులో తెరిచారు. ఆ చుట్టుపక్కల గల్లీల రూపమే మారింది. అలాంటి పని జరిగినప్పుడు పాతకాలం నుంచి ఉన్నవాళ్ళు అక్కడే ఉంటే దాని సుఖం వాళ్ళకి దక్కుతుంది. ముందు వాళ్ళని 30 కిలోమీటర్ల దూరం పంపేసి తర్వాత గల్లీ బాగుచేస్తే, ఆ తర్వాత అక్కడ తెరిచే కాఫీ షాపులు ఎవరికోసమో వేరే చెప్పాలా.

అయితే ఉన్నచోటే కట్టించడంలోనూ బొక్కలున్నాయి, అవి దాచిపెడితే మోసం చేసినట్టే. మొదటిది, ఇల్లు ఖాళీ చేశాక కట్టేదాకా కిరాయి ఎవరు కడతారు? ఏడాది అన్నది మూడేళ్ళు, నాలుగేళ్ళు అయిన చోట్లున్నాయి, ఆ కిరాయిలకి అప్పుల పాలైన కుటుంబాలూ ఉన్నాయి. రెండోది, బస్తీలో కిరాయికి ఉండేవాళ్ళ సంగతి. కొత్త ఇల్లు ఇచ్చే జాబితా బస్తీలో సొంతిల్లున్నవాళ్ళదే. మా పనావిడ లాంటి కిరాయిదారుకి ఆ కొత్త బ్లాకులో చోటు ఉండదు, కొల్లూరు డ్రా అయినా ఆవిడని మనిషిగా లెక్కపెట్టింది. ఈ ఒక్క విషయంలో నా వాదన నాకే గుచ్చుకుంటుంది. మూడోది, ఊళ్ళో జాగా ఎక్కడిది? గ్రేటర్ హైదరాబాద్‌లో లక్ష ఇళ్ళన్నారు, రెండంతస్తుల కాలనీలతో లక్ష కావు.

మధ్యే మార్గం ఒకటుంది. 2024లో మూసీ నదిని ఆనుకుని ఉన్న ఇళ్ళు ఖాళీ చేయించినప్పుడు మలక్‌పేట వైపు శంకర్‌నగర్ నుంచి కొన్ని కుటుంబాలని పిల్లిగుడిసెల ఇళ్ళకి తెచ్చారు. ఖాళీ చేయించిన తీరు మీద ఎంత గొడవ జరిగిందో తెలిసిందే, దాన్ని సమర్థించట్లేదు. కానీ ఆ దూరం చూడండి, పాత పనికి ఇంకా నడిచి పోవచ్చు. డ్రాలో మార్చుకునే అవకాశం ఎప్పుడైనా వస్తే అడగాల్సింది ఇదే: కొత్త బ్లాకా, పెద్ద బ్లాకా అని కాదు, మీ పనికి దగ్గర్లో ఏముందని.

సొంత జాగా ఉన్నవాళ్ళకి ఇల్లు కట్టుకోవడానికి ఇందిరమ్మ ఇళ్ళ పథకం కింద 5 లక్షలు ఉన్నాయి, పని సాగుతున్న కొద్దీ నాలుగు విడతల్లో వస్తాయి. సిటీలో ఆ జాగా ఉన్నవాళ్ళు ఈ ప్రశ్న అడగరు కాబట్టి వదిలేస్తున్నా. ఆంధ్రా వైపు మిత్రులు టిడ్కో ఇళ్ళ గురించి, అంటే అక్కడ పట్టణ పేదలకి ప్రభుత్వం కట్టించిన అపార్టుమెంట్ల గురించి అడిగారు. 300, 365, 430 చదరపు అడుగులు, కొలతల తేడా పక్కన పెడితే అక్కడా ఇదే ప్రశ్న: పనికి ఎంత దూరం?

సంతకం పెట్టొచ్చా అని అడుగుతున్న బస్తీవాళ్ళకి మాత్రం: పెట్టండి, కానీ మీ పేరు, ఇంటి నంబరు ఉన్న జాబితా కాపీ చేతికొచ్చాకే. కట్టేదాకా కిరాయి ఇస్తారా లేదా నోటితో కాదు, కాగితం మీద రాయించుకోండి. కరెంటు బిల్లులు పాతవి పారేయకండి. పడగొట్టే ముందు మీ గడప ముందు నిలబడి ఒక ఫోటో తీయించుకోండి, ఇంటి నంబరు కనబడేలా.