డాబా మీది పొగగొట్టానికి స్టీలు టోపీ: నెల్లూరు తీరంలో ఎలా పనిచేస్తోంది?

నెల్లూరు జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న మా ఊళ్లో గ్యాసు పొయ్యి వచ్చినా కట్టెల పొయ్యి మూలన పడలేదు. వేన్నీళ్లకూ, పండుగ వంటలకూ, చేపల పులుసుకూ దాన్నే వెలిగిస్తాము. ఆ పొయ్యి పొగగొట్టం డాబా మీదికి వచ్చే చోట, నెల్లూరులోని ఒక వెల్డింగ్ షాపులో చేయించిన స్టెయిన్‌లెస్ స్టీలు టోపీని బిగించాము. ముసురు రోజులను కూడా చూసిన తరువాత దాని మంచిచెడ్డలు చెబుతున్నాను.

మా జిల్లాలో వర్షం అధికభాగం అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వల్లనే కురుస్తుంది. వాయుగుండం పట్టిందంటే వాన నిలువుగా పడదు, గాలితో కలిసి ఏటవాలుగా కొడుతుంది కనుక, గొట్టం మీద ఒక రేకు ముక్క పెట్టినంత మాత్రాన ప్రయోజనం ఉండదు. మేస్త్రి టోపీ అంచును గొట్టం కంటే చుట్టూ 3 అంగుళాలు వెలుపలికి తీసి, కొద్దిగా కిందికి వంచారు. వాననీరు మసితో కలిసి వంటగది గోడ మీద నల్లటి చారలుగా దిగడం దానితో ఆగింది.

టోపీకీ గొట్టం మూతికీ మధ్య ఎంత ఖాళీ ఉండాలన్నది ఇందులో అసలు విషయం. గొట్టం వ్యాసంలో నాలుగో వంతు ఎత్తు వదిలితే, చుట్టూ ఏర్పడే ఖాళీ గొట్టం మూతి వైశాల్యానికి సరిగ్గా సమానమవుతుంది. అయితే ఆ ఖాళీ చుట్టూ ఉడుతలూ పిట్టలూ దూరకుండా వేసే మెష్ (లోహపు వల) కొంత అడ్డుపడుతుంది, దానికి మసి కూడా పడుతుంది కాబట్టి, సగం వ్యాసం వదలడం మేలు. మాది 6 అంగుళాల గొట్టం కనుక 3 అంగుళాలు వదిలించాము. పొగ వెనక్కి తన్నడం లేదు.

ఉడుతలు కొబ్బరి పీచు, గోరింకలు ఎండుగడ్డి తెచ్చి గొట్టంలో కూరడం మా వైపు మామూలే. ఆ గూడు నిప్పురవ్వకు అంటుకోవచ్చు. అంటుకోకపోయినా దారి మూసుకుపోయి, వాసన కూడా లేని కార్బన్ మోనాక్సైడ్ ఇంట్లోనే నిలిచి ప్రాణం మీదికి తేవచ్చు. అర అంగుళం కన్నుల మెష్ ఉడుతనూ పిట్టనూ ఆపుతుంది. దోమతెర వంటి సన్నని మెష్ వేయిస్తే అది త్వరలోనే మసితో పూడిపోతుంది. బిగించే ముందు లోపల గుడ్లు గాని పిల్లలు గాని ఉన్నాయేమో చూసుకుని, ఉంటే అవి ఎగిరిపోయే దాకా ఆగాలి.

స్టీలు విషయంలో అయస్కాంతం పెట్టి చూసి, అంటకపోతే మంచి రకమేనని తృప్తిపడేవారు చాలామంది ఉన్నారు. ఆ పరీక్షతో స్టెయిన్‌లెస్ స్టీలులో 202 రకానికీ 304 రకానికీ తేడా తెలియదు, ఎందుకంటే రెండూ అయస్కాంతానికి పెద్దగా అంటవు. ఉప్పుగాలికి ముందు తుప్పుపట్టేది మాత్రం 202 రకమే. మాలిబ్డినం అనే లోహం కలిసిన 316 రకం ఇంకా మెరుగైనది గాని ధర ఎక్కువ, పైగా కట్టెల పొయ్యి గొట్టానికి అంత అవసరమని నాకనిపించలేదు. మేము బిల్లు మీద 304 అని రాయించుకున్నాము. రేకు నేటికీ తెల్లగానే ఉంది, కానీ దాన్ని పట్టి ఉంచిన బోల్టులకు మామూలు ఇనుము వాడినందువల్ల అవి తుప్పెక్కి పట్టీల మీద ఎర్రని మరకలు దించాయి. ఈ పనితనానికి అది తగని పొదుపు. బోల్టులు కూడా స్టీలువే వేయమని ముందే అడగండి. టోపీని గొట్టానికి వెల్డింగ్ చేయించకుండా పట్టీతో బిగించేలా చేయించుకుంటే, దాన్ని విప్పి మెష్‌ను బ్రష్‌తో దులపవచ్చు. కోతుల బెడద ఉన్న ఊళ్లలో మాత్రం పట్టీకి బోల్టులు రెండు వైపులా ఉండాలి.

వంటగదిలోని కరెంటు చిమ్నీ గొట్టానికి ఈ టోపీ పనికిరాదు. ఆ గొట్టం గోడలోంచి పక్కకు వస్తుంది, పైగా దానిలోని నూనెజిడ్డు మెష్‌ను మూసేస్తుంది. దానికి లోపలి నుంచి చిమ్నీ గాలి వచ్చినప్పుడు తెరుచుకుని ఆగగానే వాలే స్టీలు రెక్క, దాని పైన వాన పడకుండా చిన్న చూరు ఉంటే చాలు. బజారులో దొరికే ప్లాస్టిక్ రెక్కలు మన ఎండలకు పెళుసెక్కి విరిగిపోతాయి.