నల్ల అడాప్టర్ల మీద తెల్ల పెయింట్ మార్కర్: నాలుగేళ్లు వాడాక

నాలుగేళ్ల కిందట ఒక అడాప్టర్ మీద, అది ఎన్ని వోల్టులదో తెలిసేలా, 12 అని రాశాను. దాని మూలలు అరిగిపోయాయి, వైరు మొదట్లో టేపు రెండుసార్లు మార్చాం, అంకె మాత్రం ఇవాళ్టికీ తెల్లగా అలాగే ఉంది. ఈ ఆయిల్ పెయింట్ మార్కర్ అంటే నాకెందుకంత ఇష్టమో చెప్పాలంటే ముందు వెండి రంగు మార్కర్ సంగతి చెప్పాలి.

మాది చిన్న సౌండ్ బృందం. స్టాండ్లు, కేబుళ్లు, రిసీవర్లు, అడాప్టర్లు అన్నీ నలుపే. మామూలు పర్మనెంట్ మార్కర్ ఏ రంగుదైనా నలుపు మీద కనపడదు, ఎందుకంటే ఆ సిరా పారదర్శకం, కింది నలుపును కప్పలేదు. వెండి మార్కర్‌లో సన్నటి లోహపు పొడి ఉంటుంది కాబట్టి కప్పుతుంది. రెండేళ్లు అదే వాడాను, నలుగురికీ చెప్పాను కూడా. స్టేజి వెనక చీకట్లో టార్చి వేస్తే ఒక్కో కోణంలో అక్షరాలు మెరిసిపోయి చదవడానికి వచ్చేవి కావు, కానీ అది పెద్ద లోపమని అప్పుడు అనిపించలేదు.

మా పెట్టెలో 9 వోల్టులవి, 12వి, 18వి అడాప్టర్లు కలిసే ఉంటాయి. పిన్ను అన్నిటికీ ఒకటే, దేన్ని దేనికి గుచ్చినా చక్కగా దిగుతుంది. తయారీదారులు వేసే వివరాలేమో నల్ల ప్లాస్టిక్ మీద నల్లగానే ఉబ్బెత్తుగా అచ్చుపోసి ఉంటాయి, పగటి వెలుగులోనే కళ్లు చికిలించి చూడాలి. అందుకే ప్రతిదాని మీదా వెండి అంకె వేశాను. ప్రోగ్రాం అయిన ప్రతిసారీ సామానంతా స్పిరిట్‌తో తుడిచేవాళ్లం. స్పిరిట్ అంటే ఆల్కహాలే, నేను వాడిన వెండి సిరా ఆల్కహాల్‌లో కరిగేదే, అంటే శుభ్రం చేస్తున్నామనుకుంటూ ప్రతివారం మా అంకెల్ని మేమే కొంచెం కొంచెం చెరిపేసుకుంటున్నాం.

ఆ రోజు కార్యక్రమం ఇంకో పావుగంటలో మొదలవుతుంది. మా దగ్గర పాడే కుర్రాడు తన గొంతుకు ఎకో ఇచ్చే పెట్టె ఒకటి చాన్నాళ్లు డబ్బు కూడబెట్టి కొనుక్కున్నాడు. దానికి 9 వోల్టులు కావాలి. టార్చి నోట్లో పెట్టుకుని వెతికాను, 9 కనపడింది, గుచ్చాను. లైటు ఒక్కసారి గట్టిగా వెలిగి ఆరిపోయింది, ఆ వెంటనే కాలిన వాసన. తర్వాత వెలుతురులోకి తెచ్చి చూస్తే అది 18. అందులో 1 పూర్తిగా పోయింది, 8లో కింది సున్నాకు ఎడమవైపు చెరిగి అచ్చం 9లా మిగిలింది. ఆ అబ్బాయి "పర్లేదన్నా" అన్నాడు గానీ ఆ పూటంతా ఎకో లేకుండానే పాడాడు. వాడికి కొత్తది కొనిచ్చేదాకా నాకు మనశ్శాంతి లేదు.

ఆ వారమే తెల్ల పెయింట్ మార్కర్ తెచ్చాను, సన్న మొనది. ఇందులో ఉండేది సిరా కాదు, నిజంగా పెయింటే. గోడల పెయింటుకు తెలుపునిచ్చే టైటానియం డయాక్సైడే దీనికీ తెలుపునిస్తుంది. అది బరువుగా ఉండి అడుక్కి చేరుతుంది కాబట్టి లోపలి గోళీ గలగలమనేదాకా బాగా ఊపాలి. ముందు స్పిరిట్‌తో చేతిజిడ్డు తుడిచి, రాసి, మర్నాటిదాకా ముట్టుకోకుండా వదిలేశాను. ఆ తర్వాత అదే స్పిరిట్‌తో గట్టిగా రుద్దినా అంకె కదల్లేదు. ఏ కోణంలో టార్చి వేసినా తెలుపు తెలుపుగానే కనిపిస్తుంది. ఆ రాత్రి తర్వాత ఇది నాకు ఎంత ధైర్యమో మాటల్లో చెప్పలేను.

మొదట్లో దేనిమీదైనా నిలుస్తుందని అందరికీ చెప్పాను, అది కొంత సరిదిద్దుకోవాలి. లోహం, గట్టి ప్లాస్టిక్ మీద ఢోకా లేదు. కేబుళ్లు చుట్టీ విప్పీ వంగుతుంటాయి కదా, వాటి మీద కొన్ని నెలలకే పగిలి పెచ్చులూడింది, ఇప్పుడు వాటికి తెల్ల టేపు చుట్టి నల్ల మార్కర్‌తో రాస్తున్నాం. సామాన్లు మోసే, పాలీప్రొపిలీన్ అనే ప్లాస్టిక్‌తో చేసిన డబ్బాల మీదైతే గోటితో గీకితే చాలు, వచ్చేస్తుంది.

ఇంకోటి, మొనను నొక్కితేనే పెయింటు దిగుతుంది. ఒకసారి రిసీవర్ మీదే పెట్టి నొక్కాను, పెద్ద బొట్టు జారి డిస్‌ప్లే మీది పారదర్శక ప్లాస్టిక్ మీద పడింది. కంగారులో థిన్నర్‌తో తుడిచాను. పెయింటు పోయింది, దాంతోపాటే ఆ ప్లాస్టిక్ కూడా మసకబారింది. అందుకని ఎప్పుడూ ముందు చిత్తుకాగితం మీద నొక్కి, మొన తడిశాకే వస్తువు దగ్గరికి వెళ్లండి. వాసన ఘాటుగా ఉంటుంది, నాది జైలీన్ అనే ద్రావకం కలిసిన రకం, కిటికీలు తెరిచే రాస్తాను. వాడనప్పుడు అడ్డంగా పడుకోబెడతాను, నిలబెట్టి ఉంచినప్పుడు మొన ఎండిపోయింది.

మా సామాను ఏళ్ల తరబడి మాదే, అంకెలూ మారవు, పైగా అన్నీ చీకట్లోనే వెతకాలి. అందుకే నాకిది సరిపోయింది. అద్దెకు తెచ్చినవో, కొన్నాళ్లకు అమ్మేసేవో అయితే నేనైనా వాటిమీద దీంతో రాయను, తెల్ల టేపే అంటిస్తాను.