పాత సేఫ్టీ సిస్టమ్‌కు స్పేర్లు: కొని దాచడమా, బాగు చేయించడమా, సగం మార్చేయడమా?

తయారీ కంపెనీ నుంచి ఒక ఉత్తరం వస్తుంది. సేఫ్టీ సిస్టమ్‌లో వాడే ఫలానా సిరీస్ ఎలక్ట్రానిక్ కార్డులకు ఆఖరి ఆర్డర్లు ఫలానా నెల దాకానే తీసుకుంటాం, ఆ తర్వాత రిపేరు మాత్రమే, అదీ కొన్నేళ్లే అని అందులో ఉంటుంది. చెన్నైలో మనలి, ఎన్నూరు వైపు ప్లాంట్లలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చూసేవాళ్లకు ఇలాంటి ఉత్తరం కొత్తేమీ కాదు. ప్రమాదం ఎదురైతే ప్లాంటును ఆపేయడానికి తొంభైల్లో పెట్టిన ఎమర్జెన్సీ షట్‌డౌన్ సిస్టమ్‌లు నిక్షేపంగా నడుస్తుంటాయి, నడుస్తున్నాయి కాబట్టే వాటి జోలికి ఎవరూ వెళ్లరు. ఉత్తరం వచ్చాక మాత్రం మీటింగులో తలో మాట. ఇప్పుడే కొని దాచేద్దామని స్టోర్స్ అంటుంది. పాడైనప్పుడు బయట బాగు చేయిద్దామని మెయింటెనెన్స్ అంటుంది. సెకండ్ హ్యాండ్‌లో సగం ధరకే వస్తుంది కదా అని పర్చేజ్ అంటుంది. మొత్తం పీకేసి కొత్తది పెట్టుకోండి అని సలహా ఇచ్చేది ఎవరో చెప్పక్కర్లేదు, ఆ ఉత్తరం పంపినవాళ్లే.

నా ఓటు ఈ నాలుగింటికీ కాదు. ప్లాంటులో ఒకే రకం సిస్టమ్‌లు రెండు మూడు ఉంటే, ఒకదాన్ని కొత్తదానికి మార్చి, ఊడదీసిన కార్డులను మిగతావాటికి స్పేర్లుగా వాడుకోవడం మేలు. అయితే మిగతా దారులను పూర్తిగా కొట్టిపారేయలేం. ఏ కార్డుకు ఏ దారి అన్నదే అసలు విషయం.

ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. యంత్రాలను నడిపించే మామూలు కంట్రోలర్ (పీఎల్‌సీ) కార్డు పోతే ఉత్పత్తి ఆగుతుంది, అది డబ్బు నష్టం. సేఫ్టీ సిస్టమ్‌లో కార్డు పోతే చాలాసార్లు ఏమీ ఆగదు, చిక్కంతా అక్కడే ఉంది. ట్రైకానెక్స్ లాంటి మూడు ఛానళ్ల సిస్టమ్‌లో మూడూ ఒకే లెక్క చేసి, ఇద్దరి మాట కలిస్తే దాన్నే నిజమని తీసుకుంటాయి. ఒక ఛానల్ పోయినా మిగతా రెండూ నడిపించేస్తాయి. ప్యానెల్ మీద ఎర్ర లైటు వెలుగుతుంది, షిఫ్ట్ ఇంజనీరు లాగ్ బుక్కులో ఒక లైను రాస్తాడు, ప్లాంటు మాత్రం మామూలుగానే నడుస్తుంది. అందుకే స్పేరు లేదన్న టెన్షన్ ఎవరికీ పట్టదు. కానీ ఆ సిస్టమ్ ఫలానా సిల్ (ఎస్ఐఎల్, అంటే ఎంత నమ్మదగినదో చెప్పే భద్రతా స్థాయి) కు సరిపోతుందని కాగితం మీద చూపించినప్పుడు, పాడైన కార్డును 8 గంటల్లోనో 24 గంటల్లోనో 72 గంటల్లోనో మారుస్తామని ఒప్పుకునే ఆ లెక్క వేశారు. స్పేరు రావడానికి ఆరు వారాలు పడితే ఆ లెక్క చెల్లదు. ఆ ఆరు వారాల్లో రెండో ఛానల్ కూడా ఇబ్బంది పెట్టిందంటే మిగిలేవి రెండే: ప్లాంటు అనవసరంగా ఆగిపోవడం (ట్రిప్), లేకపోతే బైపాస్ కీ తిప్పి ఆ రక్షణను పక్కన పెట్టేయడం. రెండోది చేసేటప్పుడు ఎవరూ దాన్ని ప్రమాదం అనుకోరు, "ఈ రాత్రికి మాత్రమే" అనుకుంటారు. కాబట్టి స్పేరు ఎన్ని గంటల్లో ర్యాకులోకి వెళ్తుందన్న ఒక్క ప్రశ్నతో అన్ని దారులనూ కొలవాలి. ధర సంగతి తర్వాత.

ఆఖరి ఆర్డరుతో కొని దాచుకోవడం అన్నిటికంటే సులువుగా కనిపిస్తుంది. కార్డులు కొత్తవి, అసలు కంపెనీవి, చేతికి అందేంత దూరంలో ఉంటాయి. ఎన్ని కొనాలన్న దగ్గరే లెక్క తప్పుతుంది. ఉదాహరణకు ఒకే రకం ఇన్‌పుట్ కార్డులు 40 ఉన్నాయనుకుందాం. ఒక్కోటి సగటున 40 ఏళ్లకు ఒకసారి పాడవుతుందనుకుంటే ఏడాదికి ఒకటి, పదేళ్లకు 10. సరే, 10 కొందాం అంటారు. సగటు 10 అంటే సరిగ్గా 10 అని కాదు. అలా కొంటే పదేళ్ల లోపే కార్డులు అయిపోయే అవకాశం నూటికి 42 దాకా ఉంటుంది. దాన్ని 5కు దించాలంటే 15 కొనాలి. ఇదీ కార్డులు ముసలివైనా పాడయ్యే వేగం పెరగదు అనుకుని వేసిన లెక్కే. ఇరవై ఏళ్లు దాటిన ర్యాకులో అలా అనుకోవడానికి ధైర్యం కావాలి.

కొన్నాక దాచడం ఇంకో కథ. విద్యుత్ సరఫరా లేకుండా ఏళ్ల తరబడి పడి ఉంటే ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లలో (కార్డు మీద చార్జీని నిలవ చేసే చిన్న డబ్బాలు) ఆక్సైడ్ పొర పలచబడుతుంది. అలాంటి కార్డును నేరుగా ర్యాకులో పెట్టి పూర్తి వోల్టేజీ ఇస్తే, కొత్త కార్డు అనుకున్నది పెట్టిన రోజే పోవచ్చు. లిథియం బ్యాటరీలు అరలో ఉన్నా ఆయుష్షు ఖర్చు చేసుకుంటూనే ఉంటాయి. వీటికి తోడు మన ఊరి గాలి. ఎన్నూరు వైపు సముద్రపు ఉప్పు, రిఫైనరీల దగ్గర గంధకం వాసన, ఏడాదిలో ఎక్కువ భాగం తేమ: ఈ మూడూ కలిస్తే రాగి, వెండి కాంటాక్టులు నల్లబడతాయి. పగలు ఏసీ వేసి రాత్రి ఆపేసే స్టోర్స్ గది అయితే ఇంకా అన్యాయం, చల్లబడిన కార్డుల మీద తేమ పట్టేస్తుంది. యాంటీ స్టాటిక్ సంచి, సిలికా జెల్, రోజంతా ఒకే ఉష్ణోగ్రత, ఏడాదికోసారి టెస్ట్ ర్యాకులో పెట్టి కొన్ని గంటలు నడపడం — ఇవన్నీ చేస్తేనే అది స్పేరు. చేయకపోతే గాలి ఉందో లేదో చూడకుండా డిక్కీలో పడేసిన స్టెప్నీయే.

ఆ టెస్ట్ ర్యాకు చాలా ప్లాంట్లలో ఉండదు. నన్నడిగితే ఆఖరి ఆర్డరులో మొదట రాయాల్సింది అదే: ఒక ఖాళీ ఛాసిస్ (కార్డులు అమర్చే చట్రం), రెండు పవర్ సప్లైలు, ప్రాసెసర్లు, రకానికొక కార్డు. పదిహేనో ఇన్‌పుట్ కార్డు కంటే అది ఎక్కువ పనికొస్తుంది.

రిపేరు సంగతికొద్దాం. చెన్నైలో ఎలక్ట్రానిక్స్ బజారైన రిచీ స్ట్రీట్ చుట్టుపక్కల సందుల్లోనూ, అంబత్తూరు ఎస్టేట్‌లోనూ ఇండస్ట్రియల్ కార్డులు బాగు చేసేవాళ్లు ఉన్నారు. పనితనంలో కొందరు ఎవరికీ తీసిపోరు. నాకు తెలిసిన ఒకాయన సొంతూరు నెల్లూరు వైపు, పని మేడ మీద చిన్న గదిలో. పాత పవర్ సప్లై మూత తీయగానే ముందు వాసన చూస్తాడు. కెపాసిటర్ కారితే చేపల వాసన లాంటిది వస్తుంది. తల ఉబ్బిన డబ్బాలు నాలుగు కనిపించినా, ఆ నాలుగింటితో ఆపడు, ఆ బోర్డులో ఉన్న ఎలక్ట్రోలైటిక్‌లన్నీ 105 డిగ్రీల రకానివి వేస్తాడు. "సార్, మిగతావి మంచిగా ఉన్నట్టు కనిపిస్తాయి గానీ వీటితో పుట్టినవే కదా" అంటాడు. వేడి పది డిగ్రీలు తగ్గితే కెపాసిటర్ ఆయుష్షు దాదాపు రెట్టింపవుతుందన్న లెక్క ఆయన పుస్తకంలో చదివాడో లేదో నాకు తెలియదు గానీ, వెనక్కిచ్చేటప్పుడు ఫ్యాన్ ఫిల్టర్లు కడుగుతున్నారా అని తప్పకుండా అడుగుతాడు.

పవర్ సప్లైలకు, ఫ్యాన్ ట్రేలకు ఇలాంటి రిపేరు బంగారం. మూడు రోజుల్లో చేతికొస్తుంది, లోడ్ పెట్టి కొలిచి చూసుకోవచ్చు, పోయినా పోయినట్టు తెలుస్తుంది. ఎప్పుడు ట్రిప్ చేయాలో తేల్చే లాజిక్ కార్డులకు మాత్రం నేను ఒప్పుకోను. సేఫ్టీ కార్డులో చాలా సర్క్యూట్ తనను తాను పరీక్షించుకోవడానికే ఉంటుంది. పని చేసే భాగం బాగై, పరీక్షించే భాగం మూగబోతే, కార్డు పచ్చ లైటు చూపిస్తూనే ఉంటుంది. అవసరమైన రోజున ట్రిప్ చేయదు. సర్టిఫికెట్ కంపెనీ తయారు చేసిన కార్డుకు ఇచ్చింది, సందులో సోల్డర్ పడ్డాక దాన్ని చూపించి వాదించలేం. తయారీ కంపెనీ రిపేరు సర్వీసు ఇంకా తెరిచి ఉంటే లాజిక్ కార్డులను అక్కడికే పంపాలి, అరలో ఇంకో స్పేరు ఉంచుకుని, ఎన్ని వారాలు పట్టినా.

సెకండ్ హ్యాండ్ మార్కెట్ గురించి ఎక్కువ చెప్పను. ఆ కార్డు ఏ ప్లాంటులో, ఎంత వేడిలో, ఎన్నేళ్లు నడిచిందో చెప్పేవాడు ఉండడు. తుడిచి, కొత్త లేబుల్ అంటించి వచ్చేవి ఉంటాయి. పార్ట్ నంబరు సరిపోయినా ఫర్మ్‌వేర్ (కార్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్) వెర్షన్ వేరైతే ర్యాకు దాన్ని తీసుకోదు, తీసుకున్నా మీ దగ్గర పరీక్షించిన కాంబినేషన్ అది కాదు. ఛాసిస్, కేబుళ్లు, ఖాళీ స్లాట్ మూతలు అయితే కొనండి.

మొత్తం మార్చేయడం కాగితం మీద అందంగా ఉంటుంది. స్పేర్ల బాధ పదిహేను, ఇరవై ఏళ్లు ఉండదు. తొంభైల కార్డు సర్టిఫికెట్ల మీద ఉండేది సిల్ కాదు, జర్మనీ పాత ప్రమాణం ప్రకారం ఏకే 5, ఏకే 6 అనే తరగతులు, ఎందుకంటే సిల్ స్థాయిలను చెప్పే అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 61508 వచ్చిందే 1998 - 2000 మధ్య. ప్రాసెస్ ప్లాంట్ల కోసం ఐఈసీ 61511 వచ్చింది 2003లో. పాత సిస్టమ్ సురక్షితంగా ఉందని యాజమాన్యం చూపించుకోగలిగితే కొనసాగించవచ్చని దాని కొత్త కూర్పు ఒప్పుకుంటుంది, కానీ ఆ చూపించుకోవడం ఏటేటా కష్టమవుతుంది. కొత్తది పెడితే ఆ తలనొప్పి పోతుంది.

దాని బదులు వచ్చే తలనొప్పులను మాత్రం కొటేషన్‌లో రాయరు. కార్డుల ధర అసలు ఖర్చులో ఒక ముక్క. లాజిక్ అంతా మళ్లీ రాసి, ఏ కారణానికి ఏ వాల్వు మూసుకోవాలో ఒక్కొక్కటీ పరీక్షించి, వైర్లన్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసే లూప్ చెక్ చేయాలి, అదంతా టర్న్‌అరౌండ్‌కు (మరమ్మతుల కోసం ప్లాంటును ఆపే సమయం) దొరికే కొద్ది వారాల్లోనే. పైగా పాత లాజిక్‌లో ఇరవై ఏళ్లుగా పెన్సిలుతో చేసిన సవరణలు కొన్ని ఏ డ్రాయింగులోనూ ఉండవు. కొత్త సిస్టమ్ నెట్‌వర్క్‌లో కూర్చుంటుంది, అదొక భయం. 2017లో సౌదీ అరేబియాలోని ఒక పెట్రోకెమికల్ ప్లాంటులో ట్రైటన్ అనే మాల్వేర్ నేరుగా సేఫ్టీ కంట్రోలర్ల మీదే పడింది. కంట్రోలర్ మీద తాళంచెవితో తిప్పే స్విచ్చును ప్రోగ్రామ్ స్థానంలో వదిలేసి ఉండడం దానికి దారి ఇచ్చింది. ప్రోగ్రామ్ లేకుండా రిలేలతో (కరెంటుతో మారే స్విచ్చులు) కట్టిన పాత ప్యానెల్‌కు ఈ బెడద లేదు.

సగం మార్చడం వీటన్నిటి మధ్య ఎందుకు నెగ్గుతుందంటే, ఊడదీసిన కార్డుల చరిత్ర మీకు తెలుసు. ఏ గదిలో ఉన్నాయి, ఏ ఏడు ఏ ఫాల్ట్ వచ్చింది, ఫర్మ్‌వేర్ ఎంత, అన్నీ మీ లాగ్ బుక్కుల్లోనే ఉన్నాయి. నిన్నటిదాకా నడిచినవి కాబట్టి అరలో పడి చెడిపోయాయన్న అనుమానం లేదు. ఊడదీసిన ర్యాకే టెస్ట్ ర్యాకు అవుతుంది. మైగ్రేషన్‌లో ఎదురయ్యే చిక్కులన్నీ చిన్న యూనిట్ మీద తెలుసుకుని పెద్ద యూనిట్‌కు వెళ్లొచ్చు. దీనికీ లోపాలు ఉన్నాయి. ఆ కార్డులూ అదే వయసువి, కాబట్టి ఇది ఐదారేళ్లకు సరిపోయే ఏర్పాటే, పదిహేనేళ్లకు కాదు. కొన్నాళ్లు కుర్రాళ్లకు రెండు సిస్టమ్‌లూ నేర్పాలి. ముందు దేన్ని మార్చాలన్న ప్రశ్నకు చాలామంది "బాగా పాతదాన్ని" అంటారు. నేనైతే మిగతావాటికి కావాల్సిన కార్డులు ఎక్కువగా ఉన్నదాన్ని ముందు ఊడదీస్తాను.

ప్లాంటులో ఆ రకం సిస్టమ్ ఒక్కటే ఉంటే ఈ దారి లేదు. అప్పుడు ప్రాసెసర్లకు, ఐఓ (ఇన్‌పుట్, అవుట్‌పుట్) కార్డులకు ఆఖరి ఆర్డరు, పవర్ సప్లైలకు రిపేరు, మార్పిడికి రెండు టర్న్‌అరౌండ్‌ల అవతల ఒక తేదీ. ఆ తేదీ బడ్జెట్ కాగితంలోకి ఎక్కకపోతే 15 కార్డుల లెక్క కూడా సరిపోదు. సేఫ్టీ రిలేలను మాత్రం దాచుకోవద్దు. ఈ రోజుకూ దొరికే రిలే పెట్టి, మార్పు కాగితం రాసి, పరీక్షించుకుంటే అయిపోయే పని అది.

వీటన్నిటికంటే ముందు బీరువాలో ఉన్న పాత ల్యాప్‌టాప్‌ను బయటికి తీయండి. విండోస్ ఎన్‌టీ మీదో ఎక్స్‌పీ మీదో నడిచే ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్, ప్రింటర్ పోర్టుకు తగిలించే లైసెన్స్ డాంగిల్, ఆ ప్రత్యేకమైన కేబుల్ అందులోనే ఉంటాయి. ప్రాసెసర్ కార్డులు ఇరవై ఉన్నా, ప్రోగ్రామ్ ఎక్కించేది లేకపోతే వాటితో పనేమీ లేదు. దాని హార్డ్ డిస్క్‌కు ఈ వారమే కాపీ తీయించి, ఇంకో పాత మెషీన్ మీద పెట్టి, డాంగిల్‌తో సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటోందో లేదో చూడండి. స్పేర్లు కావాలని కోరే ఇండెంట్ ఆ తర్వాత రాయవచ్చు.