మెల్‌బోర్న్‌లో ఐటీ డిప్లొమా: ల్యాబ్‌కి ఐదు స్టార్లు, మిగతాదానికి రెండు

మెల్‌బోర్న్‌లోని ఒక ప్రైవేటు కాలేజీలో డిప్లొమా ఆఫ్ ఇన్ఫర్మేషన్ టెక్నాలజీ చదివాను. కోడ్ ఐసీటీ50220. ఆస్ట్రేలియాలో ఏ కాలేజీలో చేసినా ఇదే కోడ్, 20 యూనిట్లు. అందులో 6 కోర్, అంటే తప్పనిసరివి, 14 ఎలక్టివ్స్. ఎలక్టివ్స్ అంటే మనమే ఎంచుకుంటాం అనుకున్నాను. కాలేజీ ముందే ఎంచేసి ఉంచింది. ఏజెంట్ నాతో సైబర్ సెక్యూరిటీ అన్నాడు, క్లాసులో కూర్చున్నాక తెలిసింది చాలావరకు నెట్‌వర్కింగ్ అని.

అదే మంచిదైంది. బుధవారం ల్యాబ్ కోసం నేను మిగతా వారమంతా భరించాను. మొదటిరోజే ట్రైనర్ తలా ఒక నెట్‌వర్క్ కేబుల్ ముక్క, దాని చివర కనెక్టర్ బిగించే క్రింపింగ్ టూల్ చేతికిచ్చారు. తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం, తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. ఎనిమిది తీగలూ ఈ వరసలో కనెక్టర్‌లోకి వెళ్లాలి. నేను తెలుపు-పచ్చ పక్కనే పచ్చ పెట్టేశాను, జోడీ కదా అని. రెండు చివర్లా అదే తప్పు. టెస్టర్ మీద లైట్లన్నీ ఒకటి నుంచి ఎనిమిది దాకా చక్కగా వెలిగాయి. నేను సంబరపడుతుంటే ఆయన కేబుల్‌ని వెలుతురుకి పట్టి చూసి, "టెస్టర్ పాస్ చేసింది, నేను చేయను" అన్నారు. కనెక్టర్‌లో మూడో, ఆరో స్థానాలు ఒక జోడీ అట, పచ్చ నాలుగోదాంట్లోకి వెళ్తే ఆ జోడీ విడిపోయి సిగ్నల్స్ ఒకదాన్నొకటి పాడుచేస్తాయట. కోసేసి మళ్లీ చేయించారు.

థియరీ యూనిట్లలో అలా పట్టి చూసేవాళ్లు లేరు. మార్కులుండవు, 'కాంపిటెంట్' లేదా 'నాట్ యెట్ కాంపిటెంట్', అంతే. లేని కంపెనీకి ప్రైవసీ పాలసీ రాయాలి, ఒకడు కస్టమర్‌గా, ఒకడు హెల్ప్‌డెస్క్‌గా నటిస్తూ వీడియో తీయాలి. టెంప్లేట్‌లో గడులు నింపితే చాలు, క్లాసంతా పాస్. అదీ నా మొదటి కేబుల్ లాంటిదే.

వారానికి 20 గంటల క్లాసుల్ని రెండున్నర రోజుల్లో సర్దారు, కాబట్టి పనికి టైమ్ దొరుకుతుంది. స్టూడెంట్ వీసా మీద ఉంటే, సెమిస్టర్ నడుస్తున్నప్పుడు పని రెండు వారాలకి 48 గంటలు దాటకూడదని గుర్తుపెట్టుకోండి. నచ్చకపోతే వేరే కాలేజీకి మారిపోదాం అనుకోకండి, మామూలుగా మొదటి 6 నెలలు పాత కాలేజీ ఒప్పుకోకుండా కుదరదు. అందుకే ఫీజు కట్టకముందే ఆ 14 యూనిట్ల పేర్లు రాతపూర్వకంగా అడగండి. ల్యాబ్‌లో నిజం స్విచ్‌లు, రౌటర్లు ఉన్నాయా, అంతా సిమ్యులేటరేనా అనీ అడగండి. బీటెక్‌లో కంప్యూటర్స్ చేసినవాళ్లకి ఇందులో కొత్తగా దొరికేది తక్కువ. నాలాంటి కామర్స్ వాళ్లకి పనికొస్తుంది.

సర్వీస్ డెస్క్ ఉద్యోగం ఇంటర్వ్యూలో నన్ను పాలసీల గురించి ఒక్క ముక్క అడగలేదు. "కస్టమర్ ల్యాప్‌టాప్‌లో ఐపీ అడ్రస్ 169.254తో మొదలవుతోంది, ఏం జరిగుంటుంది?" అన్నారు. ఐపీ అడ్రస్‌లు ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ అందలేదు, ముందు కేబుల్ చూస్తాను అన్నాను.