వేళ్లు బిగుసుకున్న రోజున కూడా వేయగలిగిన రంగులు: ఆయిల్ పాస్టెల్ సెట్

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లు వాచి నొప్పి పుట్టే కీళ్లవాతం) వచ్చి తొమ్మిదేళ్లు. పొద్దున లేచాక గంటకు పైగా వేళ్లు బిగుసుకుపోయే ఉంటాయి, పెన్సిల్ పట్టుకుంటే బొటనవేలి మొదట్లో పోటు. అందుకే ఈ 24 రంగుల ఆయిల్ పాస్టెల్ సెట్ నొప్పి ఉన్న చేతికి ఎలా ఉందో ముందు చెప్తాను.

చాలా మెత్తగా ఉన్నాయి. మైనపు క్రేయాన్‌లా అదిమి రుద్దక్కర్లేదు, కాగితానికి ఆనించి లాగితే చిక్కటి రంగు దిగుతుంది, నీళ్లూ బ్రష్షులూ అక్కర్లేదు కాబట్టి మంచం మీద కూర్చునే వేసుకోవచ్చు. కడ్డీలు మాత్రం మరీ సన్నం. మా ఆయన ఒక్కోదానికి ఫోమ్ గొట్టం ముక్క తొడిగారు, అప్పటినుంచి పిడికిలితో పట్టుకుని వేస్తున్నాను. ఫ్రెంచ్ చిత్రకారుడు రెన్వార్‌కీ ఇదే జబ్బు, చివరి ఏళ్లలో బ్రష్‌ని ఇంకొకరు వేళ్ల మధ్య పెడితే వేసేవారట. ఆ తోడు విలువ నాకు బాగా తెలుసు.

డాక్టర్ దగ్గర నొప్పి సున్నా నుంచి పదిలో ఎంత అంటే ఎప్పుడూ ఆరు అనేదాన్ని. మంట వేరు, బిగుసుకోవడం వేరు, ఒళ్లంతా నీరసం వేరు, అన్నీ ఆ ఆరులోనే. ఈసారి ఒక మనిషి ఆకారం గీసుకుని మంట ఉన్నచోట నారింజ, బిగుసుకున్నచోట ముదురు నీలం వేసి, నీరసానికి గోధుమ రంగుని అరచేత్తో మొత్తం మీద పులిమేశాను. అది చూసి, మణికట్టు ఎప్పటినుంచి ఇలా ఉంది అని డాక్టర్ విడిగా అడిగారు.

ఒక ఆదివారం మా ఆయన్నీ వేయమన్నాను. చుట్టూ నలుపు, మధ్యలో మంచం, దాని పక్కన తెరిచి ఉన్న రెండు కళ్లు వేశారు. నేను రాత్రిళ్లు మూలుగు బయటికి రాకుండా దిండు కొరుక్కుంటుంటే తను నిద్రపోతున్నారనే అనుకున్నాను ఇన్నేళ్లూ! ఆ కాగితం ముందు కూర్చుని ఇద్దరం చాలాసేపు మాట్లాడుకున్నాం, ఇప్పుడు నొప్పి వస్తే లేపుతున్నాను.

లోపాలూ ఉన్నాయి. రంగు ఎన్నాళ్లైనా పూర్తిగా ఆరదు, పేజీల మధ్య బటర్ పేపర్ పెట్టకపోతే అంటుకుంటుంది. తెల్ల కడ్డీ తొందరగా మురికవుతుంది. డబ్బా మూత మరీ బిగుతు, నా చేతులతో రాదు, తయారుచేసేవాళ్లు ఇది తప్పకుండా మార్చాలి. నేను మూత తీయించేసి రంగుల్ని బట్ట సంచిలో వేసుకున్నాను. ఐదుకి నాలుగు ఇస్తాను. కీళ్ల నొప్పులున్నవాళ్లు కొనేముందు లావు కడ్డీలవి దొరుకుతాయేమో చూడండి, లేకపోతే ఫోమ్ గొట్టం కూడా కొనుక్కోండి.